పారవేసినది ఎక్కడికి పోతుంది?



మదర్సాలలో ఫిఖ్‌హ్ పాఠం నీటితో మొదలవుతుందని మీలో చాలామందికి తెలుసు. నమాజుకు ముందు వుజూ, వుజూకు ముందు నీరు. ఏ నీరు పరిశుద్ధం, ఏ నీరు అపరిశుద్ధం, బావిలో ఏదైనా పడితే ఏం చేయాలి, పారే నీటి ఆదేశం ఏమిటి, నిలిచిన నీటి ఆదేశం ఏమిటి? ఈ పాఠాన్ని మేము వెల్గటూరులో సుమారు 30 ఏళ్లుగా చెబుతున్నాము. అది మాకు కంఠతా వచ్చిన పాఠం. అయితే నిరుడు ఆ పాఠం దగ్గరే ఒక విద్యార్థి వేసిన ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఈ నెల మీతో పంచుకోదలచినది ఆ ప్రశ్ననే.

సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చిన ఆ అబ్బాయి, తమ ఊరి బయటి పాటిగడ్డ మీద దొరికిందంటూ ఒక నల్లని రాయి తెచ్చాడు. పిడికిట్లో పట్టేంత రాయి. ఒంటినిండా బుడగలు బుడగలుగా రంధ్రాలు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఊహించనంత బరువు. “హజ్రత్, ఇదేం రాయి?” అని అడిగాడు. మేము చూడగానే గుర్తుపట్టాము. మా వైపు పెద్దలు దానిని చిట్టెపు రాయి అంటారు. పూర్వం ఇనుపరాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కరిగించినప్పుడు, ఇనుము తీసుకోగా మిగిలిన మడ్డి గడ్డకట్టి ఇలా అవుతుంది. మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇలాంటి చిట్టెం కుప్పలు నేటికీ కనిపిస్తాయి. మా కోరుట్ల, మెట్‌పల్లి దాటిన తర్వాత వచ్చే కోనసముద్రంలో తయారైన ఉక్కును ఒకప్పుడు పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు అదే.

ఈ సంగతులన్నీ చెప్పాము. పిల్లలు ఆసక్తిగా విన్నారు. అప్పుడు ఆ అబ్బాయి మరో మాట అడిగాడు. “హజ్రత్, కొలిమి పోయింది, కమ్మరులు పోయారు, కత్తులూ పోయాయి. ఈ మడ్డి మాత్రం ఎందుకు మట్టిలో కలిసిపోలేదు? దీనిని గోదావరిలో వేస్తే కడిగేయదా? పారే నీరు పరిశుద్ధమని నిన్ననే చెప్పారు కదా!”

రంగు, రుచి, వాసన

ఆ అబ్బాయి ప్రశ్న చిన్నదేమీ కాదు. ఫిఖ్‌హ్ పండితులు నీటి పరిశుద్ధతకు మూడు గుర్తులు చెప్పారు. అవి రంగు, రుచి, వాసన. పారే నీటిలో మాలిన్యం పడినా, ఈ మూడింటిలో ఏదీ మారకపోతే ఆ నీరు పరిశుద్ధమే. దీని వెనుక గొప్ప వివేకం ఉంది. మలమూత్రాలు, జంతు కళేబరాలు, కుళ్లిన పదార్థాలు మొదలైనవన్నీ సజీవ సృష్టి నుండి వచ్చినవి. గాలి, ఎండ, మట్టి, సూక్ష్మజీవులు కలిసి వాటిని విడగొట్టి, తిరిగి మట్టిగా, నీరుగా మార్చివేస్తాయి. నదికి అల్లాహ్ ప్రసాదించిన శుభ్రపరిచే గుణం అది. మన పూర్వులు ఆ గుణాన్ని నమ్మి బ్రతికారు. వారి నమ్మకం తప్పు కాదు.

కాని లోహం కుళ్లదు. సీసం, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటివి మూలకాలు. వాటిని ఏ సూక్ష్మజీవీ విడగొట్టలేదు, ఏ ఎండా ఎండగొట్టి మాయం చేయలేదు. అవి ఒక చోటి నుండి మరో చోటికి కదులుతాయి, ఒక రూపం నుండి మరో రూపానికి మారుతాయి. అంతేగాని లేకుండా పోవు. అన్నిటికంటే భయంకరమైన విషయం ఏమిటంటే, ప్రాణానికి హాని చేసే మోతాదులో సీసం కలిసిన నీరు కూడా కంటికి తేటగానే ఉంటుంది. రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు.

అలాగైతే శాస్త్ర గ్రంథాలలోని కొలబద్ద తప్పా? కాదు. ఆ కొలబద్ద వుజూ చెల్లుబాటు అవుతుందా లేదా అని తేల్చడానికి. ఆ నీరు త్రాగితే బిడ్డ ఆరోగ్యం ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి ధర్మంలో వేరే అధ్యాయం ఉంది. తనకు హాని చేసుకోరాదు, పరులకు హాని చేయరాదు అని దైవప్రవక్త (స) నేర్పిన సూత్రం దానికి పునాది. పరిశుద్ధత వేరు, నిరపాయత వేరు. మేము ఇన్నేళ్లుగా మొదటి పాఠం చెప్పి, రెండవ పాఠాన్ని మరచిపోయామని ఆనాడు అనిపించింది.

గని నుండి కడలి దాకా

భూమి లోపల ఈ లోహాలు రాళ్లలో బంధించబడి ఉంటాయి. అలా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. మానవుడు తన అవసరం కోసం ఆ రాయిని తవ్వి పైకి తెస్తాడు. నేడు తవ్వే రాగి ఖనిజంలో సాధారణంగా నూటికి ఒక పాలు కూడా రాగి ఉండదు. రాయిని పిండి చేసి, నీళ్లు, రసాయనాలు కలిపి, కావలసిన లోహాన్ని తీసుకుంటారు. మిగిలిన 99 పాళ్లూ మెత్తని బురదగా మిగులుతాయి. ఆ బురదలో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి వేరే లోహాలు కూడా ఉండవచ్చు. గంధకం ఉన్న రాళ్లయితే గాలి, వాన తగిలినప్పుడు వాటి నుండి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం లోహాలను కరిగించి వాగులోకి దింపుతుంది. గని మూతబడిన తర్వాత కూడా ఈ పని ఆగదు. దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు సాగుతుంది.

ఇదంతా ఎక్కడో జరిగేదని మనం అనుకోరాదు. మా వెల్గటూరు మండలపు అంచునే గోదావరి పారుతుంది. కోటిలింగాల దగ్గర నిలబడి చూస్తే ఎల్లంపల్లి జలాశయపు నీరు సముద్రంలా కనిపిస్తుంది. ఆ నీరు ఇక్కడి నుండి రామగుండం, మంథని మీదుగా కాళేశ్వరం చేరి ప్రాణహితను కలుపుకుంటుంది. దారిలో సింగరేణి బొగ్గు గనులు, ఆ బొగ్గును మండించే విద్యుత్కేంద్రాలు ఉన్నాయి. మన దేశపు బొగ్గులో మూడవ వంతుకు అటూ ఇటూగా బూడిదే. ఆ బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం, పాదరసం స్వల్ప మోతాదుల్లో ఉంటాయి. స్వల్పమే కదా అనిపించవచ్చు. కాని బూడిద కుప్పలు లక్షల టన్నులైనప్పుడు ఆ స్వల్పం స్వల్పంగా మిగలదు. అందుకే బూడిద చెరువుల కట్టలు, అడుగు పొరలు గట్టిగా ఉండాలని, బూడిదను ఇటుకలకు, సిమెంటుకు, రోడ్లకు వాడి తీరాలని ప్రభుత్వం 1999 నుండి నియమాలు తెచ్చి బిగిస్తూ వచ్చింది.

కాళేశ్వరం దాటాక, తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు కలిసే చోట, ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ ఇంద్రావతికి దంతెవాడ వైపు నుండి వచ్చే నీటిలో శంకిని, డంకిని అనే రెండు చిన్న నదుల నీరు ఉంటుంది. వాటికి పైన బైలదిల్లా కొండలు. అక్కడి కిరందుల్‌లో 1968 నుండి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. తవ్వే సంస్థ ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఖనిజాన్ని కడిగిన ఎర్రటి బురద దశాబ్దాల పాటు శంకినిలో చేరి ఆ నది రంగునే మార్చివేసింది. ఆ ఒడ్డున బ్రతికే ఆదివాసులు దానిని ఎర్రనీరు అని పిలిచారు. పశువులు త్రాగలేని నీరు, పొలంలో చేరితే పేరుకుపోయే మెత్తని ఎర్రమట్టి. ఇనుము సీసమంతటి విషం కాదు. అయితే ఆ సన్నని బురద నది అడుగును కప్పేసి చేపల గుడ్లను, పురుగులను, మొక్కలను ఊపిరాడకుండా చేస్తుంది. తర్వాతి కాలంలో బురదను ఆపడానికి కట్టలు కట్టారు. కాని నదిలో అప్పటికే చేరినదానిని వెనక్కి తెచ్చేదెవరు?

బైలదిల్లా ఖనిజం రెండు దారుల్లో సముద్రం చేరిందని చెప్పవచ్చు. మడ్డి నదిని పట్టుకొని పోయింది. ఖనిజం రైలెక్కి పోయింది. జపాన్‌కు ఎగుమతి కోసం 1960వ దశకంలో కిరందుల్ నుండి కొత్తవలస దాకా కొండల్ని తొలిచి రైలుమార్గం వేశారు. ఆ దారిన ఖనిజం విశాఖపట్నం రేవుకు చేరింది. రేవు పక్కనున్న పాతనగరం వాసులు ఇళ్ల మీద, బట్టల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పడే ఖనిజ ధూళి గురించి ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. అదే నగరంలో 1977లో హిందుస్తాన్ జింక్ కర్మాగారం మొదలైంది. గనుల నుండి వచ్చిన ఖనిజాన్ని కరిగించి లోహం తీసేవారు. 2012లో అది మూతబడింది. విశాఖ లోపలి రేవు అడుగున ఉన్న మట్టిని శాస్త్రజ్ఞులు పరీక్షించినప్పుడు సీసం, జింకు, రాగి, కాడ్మియం సహజంగా ఉండవలసిన దానికంటే ఎక్కువగా కనిపించాయి. చుట్టూ ఉన్న పరిశ్రమలు, నగరపు మురుగు, నౌకలు, ధూళి, అన్నీ అందులో భాగస్వాములే. ఫలానా వారొక్కరే దోషులని వేలు చూపించడం మా ఉద్దేశం కాదు. పారవేసినది మాయం కాలేదని, రేవు అడుగున కూర్చొని ఉన్నదని చెప్పడమే మా ఉద్దేశం.

ఉప్పునీటిలో జరిగేది

సముద్రం అంత పెద్దది, ఈ కాస్త విషం దానినేమి చేస్తుంది అని కొందరు అంటారు. ఇక్కడ అల్లాహ్ సృష్టిలోని ఒక సూక్ష్మాన్ని గమనించాలి. నది తెచ్చిన సన్నని ఒండ్రు రేణువులు తియ్యటి నీటిలో తేలుతూ వస్తాయి. ఉప్పునీరు తగలగానే అవి ఒకదానికొకటి అతుక్కొని బరువెక్కి అడుగుకు దిగిపోతాయి. లోహాలు ఎక్కువగా ఆ రేణువులనే అంటిపెట్టుకొని ఉంటాయి. అంటే విషం విశాల సాగరంలో చెల్లాచెదురు కాకముందే, తీరం దగ్గరే, నది కడలిలో కలిసే చోటనే పేరుకుంటుంది.

ఆ చోటు ఎలాంటిది? రొయ్యలు, పీతలు, చేపలు పిల్లలను పెట్టే చోటు. కాకినాడ దగ్గర గోదావరి పాయల మధ్య కోరింగ మడ అడవులు ఉన్నాయి. సముద్రపు చేపలకు అవి ఉయ్యాల వంటివి. మడ చెట్ల వేళ్లు ఒండ్రును పట్టి నిలుపుతాయి. మంచి ఒండ్రు వస్తే మంచిని నిలుపుతాయి, చెడు వస్తే చెడునూ నిలుపుతాయి. అడుగున ఉండే గుల్లలు, ఆల్చిప్పలు రోజంతా నీటిని వడగట్టుకుంటూ ఆహారం తీసుకుంటాయి. ఆ నీటిలోని లోహం వాటి ఒంట్లో కూడబడుతుంది. పాదరసం సంగతి మరీ దారుణం. బురదలోని కొన్ని సూక్ష్మజీవులు దానిని ఒంటికి తేలికగా పట్టే రూపంలోకి మారుస్తాయి. చిన్న చేపలో కొంచెం, వాటిని తిన్న పెద్ద చేపలో ఎక్కువ, దానిని తిన్న మనిషిలో ఇంకా ఎక్కువ. సముద్రం నుండి మానవులకు తాజా మాంసాన్ని ప్రసాదించానని అల్లాహ్ తన అనుగ్రహాలలో ఒకటిగా చెప్పాడు. ఆ అనుగ్రహపు పళ్లెంలోకే మనం మన చేతులతో విషం పంపుతున్నాము.

ఒకప్పటి అందలూస్‌లో ముర్సియా గొప్ప ముస్లిం నగరం. ఇబ్నె అరబీ పుట్టిన ఊరు. నేటి స్పెయిన్‌లోని ఆ ముర్సియా ప్రాంతంలో పోర్త్‌మాన్ అనే చిన్న అఖాతం ఉంది. 1957 నుండి 1990 దాకా అక్కడి సీసం, జింకు గనుల మడ్డిని గొట్టాల ద్వారా నేరుగా సముద్రంలోకి వదిలారు. మొత్తం సుమారు 6 కోట్ల టన్నులు. సముద్రం దానిని మింగలేదు. అఖాతమే పూడిపోయింది. ఒడ్డు అర కిలోమీటరు ముందుకు జరిగింది. ఒకప్పుడు పడవలు ఆగిన రేవు నేడు నీరు కనబడనంత దూరంలో, నల్లని మడ్డి మైదానం వెనుక ఉండిపోయింది. కోట్ల రూపాయల లాభం వచ్చిన గని మూతబడి 30 ఏళ్లు దాటినా ఆ అఖాతం మళ్లీ అఖాతం కాలేదు.

జపాన్‌లోని జింజు నది కథ మన వరి రైతులందరూ తెలుసుకోదగినది. ఆ నదికి ఎగువన కమియోకా గని. అక్కడి నుండి వచ్చిన కాడ్మియం నదిలో కలిసింది. దిగువ రైతులు ఆ నీటిని వరిమళ్లకు పెట్టుకున్నారు. వరి చక్కగా పండింది. అన్నం తెల్లగానే ఉంది, రుచిగానే ఉంది. సంవత్సరాల తరబడి ఆ అన్నం తిన్నవారిలో, మరీ ముఖ్యంగా ఎక్కువ కాన్పులు అయిన నడివయసు స్త్రీలలో, ఎముకలు గుల్లబారాయి. దగ్గితే విరిగేటంత బలహీనమయ్యాయి. ఆ బాధతో వారు చేసిన మూలుగే ఆ జబ్బుకు పేరైంది. జపాన్ భాషలో ‘ఇతాయి’ అంటే నొప్పి. 1968లో అక్కడి ప్రభుత్వం దీనికి కారణం గని కాలుష్యమేనని అంగీకరించింది. ఆ తర్వాత పొలాల మట్టిని మార్చి బాగుచేయడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. ఆ స్త్రీల ఎముకలను మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు.

మా ఇంటి సుర్మా సీసా

ఇంతవరకు గనుల గురించి, కర్మాగారాల గురించి వ్రాశాము. పాఠకులు “మేమేం చేశాం?” అని అడగవచ్చు. మేమూ అలాగే అనుకునేవారం, మా ఇంట్లోనే ఆ సంఘటన జరిగేదాకా.

కొన్నేళ్ల క్రితం ఉమ్రా నుండి తిరిగి వస్తూ బజారులో సుర్మా సీసాలు కొని తెచ్చాము. బంధువులకు పంచాము. మా మనవరాలికి పురిటి నాటి నుండి రోజూ కళ్లకు సుర్మా పెట్టేవారు. సుర్మా పెట్టడం సున్నత్ అని మేమే జుమా ప్రసంగంలో చెప్పి ఉన్నాము. బిడ్డకు రెండేళ్లు దాటాయి. ముఖం పాలిపోయింది, ఊరికే చికాకు పడేది, మట్టి తినేది, కడుపునొప్పి అని ఏడ్చేది. దిష్టి అనుకున్నాము, నులిపురుగులు అనుకున్నాము. కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె బిడ్డ కళ్ల వైపు కాసేపు చూసి, “అమ్మా, ఈ కాటుక ఎక్కడిది?” అని అడిగింది. రక్తం హైదరాబాదుకు పంపించింది. ఫలితం వచ్చింది. బిడ్డ రక్తంలో సీసం ఉంది, ఉండరానంత ఉంది.

ఆ డాక్టరమ్మ మాకు పాఠం చెప్పినట్లు వివరించింది. బజారులో సుర్మా పేరుతో అమ్మే పొడిలో చాలావరకు గెలీనా అనే సీసపు ఖనిజమే ఉంటుంది. నల్లగా, మెరుస్తూ, మెత్తగా నూరుకుపోతుంది. బిడ్డ కళ్లు నలుపుకొని వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. అలా రోజూ కొంచెం కొంచెం. సీసానికి నిరపాయకరమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తహీనత ఉన్న బిడ్డ ఒంట్లోకి అది మరింత తేలికగా పోతుంది. మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉంటుంది. ఆడపిల్ల పెద్దదై గర్భవతి అయినప్పుడు ఆ ఎముకల నుండి కరిగి కడుపులోని బిడ్డకూ చేరగలదు. ఆ చివరి మాట వినగానే మా ఇంట్లోవారు కన్నీరు పెట్టుకున్నారు. మేము తలదించుకున్నాము.

సుర్మా మానేశాము. పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు, డాక్టరమ్మ వ్రాసిన ఇనుము మందు ఇచ్చాము. నెలలు గడిచేకొద్దీ రక్తంలో సీసం తగ్గుతూ వచ్చింది. అల్‌హమ్‌దులిల్లాహ్! బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది, అలిఫ్, బే చక్కగా చదువుతోంది. అయినా ఎముకల్లో ఎంత మిగిలిందో అల్లాహ్‌కే ఎరుక.

దైవప్రవక్త (స) ప్రశంసించినది ఇస్మిద్ అనే అంజనాన్ని. సీసా మీద ఆ పేరు అచ్చువేసినంత మాత్రాన లోపలి పొడి అదే కాదు. నల్లగా ఉన్నదల్లా ఇస్మిద్ కాదు. సున్నత్ మీది ప్రేమతో మనం కొనే వస్తువు నకిలీదై బిడ్డకు హాని చేస్తుంటే, దానిని వదిలివేయడం సున్నత్‌ను వదిలివేయడం కాదు. హానిని తొలగించడమే ధర్మం. మేము ఆ తర్వాతి జుమాలో మింబర్ మీదనే మా పొరపాటు ఒప్పుకొని, ఈ మాట చెప్పాము. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. తల్లులు మాత్రం ఇంటికి పోయి సీసాలు పక్కన పెట్టారు.

గనిలో నుండి వచ్చిన అదే సీసం ఒకచోట మడ్డిగా సముద్రపు చేపలోకి పోతున్నది, మరోచోట సుర్మాగా పసిబిడ్డ కంటిలోకి వస్తున్నది. రెండింటికీ మూలం ఒక్కటే. ఇది ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడికి పోతుంది అని అడగకపోవడమే.

ఓడలో అందరం ఉన్నాం

నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. ఒక ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి క్రింది అంతస్తు వచ్చాయి. క్రిందివారికి నీళ్లు కావాలంటే పైకి వెళ్లాలి. పైవారికి ఇబ్బంది ఎందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామని వారు అనుకున్నారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టుకొని ఆపితే అందరూ బ్రతుకుతారు. ఇదీ ఆ హదీసు భావం. నది కూడా అలాంటి ఓడే. ఎగువవాడు తన భాగంలోనే కదా పారవేస్తున్నాను అనుకుంటాడు. దిగువన ఉన్నవాడి చేప, వరి, బిడ్డ అన్నీ ఆ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. భూమిలోనూ సముద్రంలోనూ చెలరేగిన సంక్షోభం మానవుల చేతులు సంపాదించుకున్నదేనని రూమ్ సూరా 41వ ఆయత్ హెచ్చరిస్తున్నది. భూమితో పాటు సముద్రాన్నీ ఎందుకు చేర్చారని చిన్నప్పుడు మేము మా ఉస్తాద్‌ను అడిగాము. నేడు గని నుండి కడలి దాకా దారి తెలిసిన తర్వాత, ఆ ప్రశ్న అడగవలసిన అవసరం కనబడడం లేదు.

లోహం వద్దని ఇస్లాం చెప్పదు. ఇనుములో గొప్ప బలమూ, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని ఖుర్ఆన్ చెబుతుంది. ఇనుము పేరుతో ఒక సూరాయే ఉంది. గనుల్లో పనిచేసే మన సోదరుల కష్టార్జితం హలాల్ సంపాదనే. అయితే లాభం తీసుకున్నవాడే మడ్డి బాధ్యత కూడా తీసుకోవాలి. ఖనిజం ఆస్తి, మడ్డి అనాథ అన్న ధోరణి అమానత్‌కు ద్రోహం. దారిలో, నీడలో, నీటి రేవులో మలవిసర్జన చేసేవారు శాపానికి గురవుతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అది కొద్ది రోజుల్లో మట్టిలో కలిసిపోయే మాలిన్యం. దానికే అంతటి హెచ్చరిక అయితే, వందేళ్లయినా కలవని మాలిన్యాన్ని నీటిలో వదిలేవారి సంగతి ఏమిటో ఆలోచించండి.

మన చేతిలో ఉన్నది

పెద్ద పనులు పెద్దవారివి. కాని ప్రతి కుటుంబం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

పసిపిల్లల కళ్లకు బజారు సుర్మా పెట్టకండి. గల్ఫ్ నుండి, హజ్ నుండి ఆత్మీయులు తెచ్చినదైనా సరే. ఇప్పటికే పెడుతూ ఉంటే మానేసి, బిడ్డ పాలిపోయి, మట్టి తింటూ ఉంటే డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పండి.

రాగి దేగిశాలకు కళాయి వేయించేటప్పుడు స్వచ్ఛమైన తగరమే వాడమని అడగండి. తగరంలో సీసం కలిపితే ఖర్చు తగ్గుతుంది, కాని ఆ కళాయి మీద వండిన పులుపు కూరలోకి సీసం దిగుతుంది. వలీమా బిర్యానీ అతిథులకు విషం కారాదు.

ఇన్వర్టరు, ఆటో, బైకు బ్యాటరీలు పాడైతే కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. తయారీదారులు వాటిని వెనక్కి తీసుకొని తీరాలని 2022 నాటి నియమాలు చెబుతున్నాయి. ఇంటి వెనుక పగలగొట్టి సీసం తీసి, ఆమ్లం వాగులో పారబోయడం మన బిడ్డల త్రాగునీటిలో పారబోయడమే. పగిలిన ట్యూబులైట్లను, పాదరసం థర్మామీటర్లను చెరువు గట్టున వేయకండి.

చేప తినడం మానకండి. అది హలాల్, బలమైన ఆహారం. ఒకే రకం పెద్ద చేపలకు బదులు చిన్న చేపలను, రకరకాల చేపలను మార్చి మార్చి తినడం మేలు, ముఖ్యంగా గర్భవతులకు.

మీ ప్రాంతంలో గని గాని, పెద్ద పరిశ్రమ గాని వస్తున్నప్పుడు జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లండి. మస్జిదు కమిటీ పెద్దలు కూడా వెళ్లాలి. అక్కడ ఎన్ని ఉద్యోగాలు ఇస్తారని మాత్రమే కాక, మడ్డిని ఎక్కడ పెడతారు, కట్ట తెగితే ఎవరిది బాధ్యత, గని మూసిన తర్వాత దానిని చూసేదెవరు అని కూడా అడగండి. గనుల ప్రభావిత గ్రామాల కోసం 2015 నుండి ప్రతి గని జిల్లాలో ఖనిజ నిధి ఏర్పాటైంది. త్రాగునీరు, వైద్యం దాని మొదటి బాధ్యతల్లో ఉన్నాయి. దానిని గురించి అడగడం మన హక్కు, పొరుగువారి పక్షాన అడగడం మన ధర్మం. ఆ పొరుగువాడు ఏ మతస్థుడైనా సరే, నీరు మతం చూసి పారదు.

ఆ చిట్టెపు రాయి ఇప్పుడు మా తరగతి గదిలోనే ఉంది. తహారత్ అధ్యాయం మొదలుపెట్టే రోజున దానిని పిల్లల చేతికి ఇస్తాము. రంగు, రుచి, వాసనల పాఠం చెప్పిన తర్వాత రెండవ పాఠమూ చెబుతున్నాము. ఆనాడు అడిగిన అబ్బాయికి ఇచ్చిన జవాబు కూడా అదే: నాయనా, పారే నీరు చాలా కడుగుతుంది, కాని దీనిని కడగలేదు. అందుకే దీనిని నీటిలో వేయకముందే మన చేయి ఆగాలి.

ఓ అల్లాహ్! నీవు మాకు అప్పగించిన నీటిని, నేలను, సముద్రాన్ని అమానత్‌గా కాపాడే శక్తిని మాకు ప్రసాదించు. మేము తెలిసి చేసిన హానిని, తెలియక చేసిన హానిని క్షమించు. మా తర్వాత వచ్చేవారు మా మూలంగా బాధపడకుండా చూడు. ఆమీన్.